డ్రమ్ము నుంచి డిస్కు దాకా: 1950ల స్పోర్ట్స్ కారు రేసులు

కారు రేసుల చరిత్ర రాసేవారు సాధారణంగా ఇంజను దగ్గర మొదలుపెడతారు. ఎన్ని సిలిండర్లు, ఎంత హార్స్‌పవరు, గంటకు ఎంత వేగం అన్న లెక్కలన్నీ అయిన తరువాత డ్రైవర్ల ధైర్యం గురించి నాలుగు మాటలు చెబుతారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బ్రేకు లైనింగులు వేసే షెడ్డు ఉన్న కుటుంబంలో పుట్టినందువల్ల కాబోలు, నాకు మాత్రం 1950ల నాటి స్పోర్ట్స్ కారు రేసుల కథంతా బ్రేకుల కథగానే కనిపిస్తుంది. యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్లలోనే ఇంజన్లు అడిగినంత వేగం ఇవ్వసాగాయి. ఆ వేగాన్ని తగ్గించవలసిన బ్రేకులు, దాన్ని మోయవలసిన టైర్లు, రోడ్డు పక్కన నిలబడిన జనాన్ని కాపాడవలసిన ఏర్పాట్లు మాత్రం యుద్ధానికి ముందు ఎక్కడున్నాయో దాదాపు అక్కడే ఉండిపోయాయి. ఆ దశాబ్దపు విజయాలలో చాలా భాగం, విషాదాలలో మరింత భాగం ఈ తేడాలోనే పుట్టాయి.

ముందుగా స్పోర్ట్స్ కారు అంటే ఏమిటో చెప్పుకోవాలి. గ్రాండ్ ప్రీ కారులో ఒక్కరే కూర్చుంటారు, చక్రాలు బయటికి కనిపిస్తాయి. స్పోర్ట్స్ కారుకు రెండు సీట్లు, హెడ్‌లైట్లు, చక్రాలను కప్పే బాడీ ఉంటాయి. మామూలు రోడ్డు మీద తిరిగే కారుకు ఇది దగ్గరి చుట్టం. అందువల్ల దాని రేసులు కూడా గంటల తరబడి, కొన్నిసార్లు రాత్రంతా, పలుచోట్ల ప్రజలు తిరిగే రోడ్ల మీదనే జరిగేవి. 1953లో వీటికి ప్రపంచ చాంపియన్‌షిప్ ఏర్పడింది. ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల రేసు, ఇటలీలోని మిల్లె మిలియా, అమెరికాలో సెబ్రింగ్ 12 గంటల రేసు, మెక్సికోను ఒక కొస నుంచి మరో కొసకు దాటించే కారెరా పానమెరికానా, జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ 1,000 కిలోమీటర్ల రేసు అందులో ముఖ్యమైనవి. ఆ టైటిల్ డ్రైవరుకు కాక కారు తయారుచేసిన కంపెనీకి దక్కేది. 1950లలో ఫెరారీ దాన్ని అయిదుసార్లు గెలుచుకోగా, 1955లో మెర్సిడెస్ బెంజి, 1959లో ఆస్టన్ మార్టిన్ ఒక్కొక్కసారి గెలిచాయి.

డ్రమ్ము బ్రేకు ఎలా పనిచేస్తుందో ఆటోనగర్‌లో ఎవరికీ చెప్పనక్కరలేదు కానీ, మిగిలినవారి కోసం క్లుప్తంగా చెబుతాను. చక్రంతో పాటు తిరిగే ఇనుప డ్రమ్ము లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలు ఉంటాయి. వాటికి రివిట్లతో లైనింగు బిగించి ఉంటుంది. పెడలు తొక్కగానే షూలు విచ్చుకుని డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుంటాయి. ఆ రాపిడిలో పుట్టిన వేడి బయటికి పోవడానికి సరైన దారి లేదు. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది, అదే సమయంలో లైనింగు కూడా పట్టు కోల్పోతుంది, డ్రైవరు ఎంత తొక్కినా పెడలు కిందికి పోతూనే ఉంటుంది. బరువుతో శ్రీశైలం ఘాటు దిగి వచ్చిన లారీ చక్రం విప్పినప్పుడు కమురు వాసన గుప్పుమంటుంది. లైనింగు అద్దంలా నునుపెక్కి మెరుస్తూ ఉంటుంది, డ్రమ్ము లోపలి అంచున నీలి రంగు తిరిగి ఉంటుంది. అటువంటి డ్రమ్మును లేతు మీద టర్నింగ్ పట్టించి, కొత్త లైనింగు కొట్టి పంపడమే మా బాబాయి జీవితకాలపు వృత్తి. ఘాటులో దిగేటప్పుడు బండిని గేరులోనే దించాలని, బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోకూడదని ఆయన ప్రతి కొత్త డ్రైవరుకూ చెప్పి పంపుతారు. 1950లలో రేసు డ్రైవర్లు చేసినది కూడా సరిగ్గా అదే; మలుపు రాకముందే గేర్లు ఒకటొకటిగా దించుకుంటూ, బ్రేకులను చివరి గంట దాకా దాచుకోవడం వారి విద్యలో సగం.

లె మాన్ సర్క్యూట్ చుట్టుకొలత అప్పట్లో దాదాపు 13.5 కిలోమీటర్లు. అందులో ముల్సాన్ అనే తిన్నని రోడ్డు ఒక్కటే ఆరు కిలోమీటర్ల దాకా ఉండేది. జాగ్వార్ సి-టైప్ వంటి కారు ఆ రోడ్డు చివరికి గంటకు 240 కిలోమీటర్లకు చేరువలో వచ్చి, అక్కడి మలుపు కోసం మామూలు పట్టణపు వేగానికి దిగవలసి వచ్చేది. ఒక్కసారి అయితే ఏ బ్రేకైనా చేస్తుంది, కానీ ఇది ఇరవై నాలుగు గంటలలో 300 సార్లు చేయవలసిన పని. జాగ్వార్, డన్‌లప్ కంపెనీలు కలిసి ఇక్కడే డిస్కు బ్రేకును ముందుకు తెచ్చాయి. బయటి గాలికి తెరిచి ఉన్న ఇనుప పళ్లేన్ని రెండు వైపుల నుంచి ప్యాడ్లు నొక్కుతాయి. వేడికి పళ్లెం మందమైతే ప్యాడుకు ఇంకా దగ్గరవుతుందే తప్ప దూరం కాదు. 1952లో ఫ్రాన్సులోని రైమ్స్‌లో స్టిర్లింగ్ మాస్ డిస్కు బ్రేకుల సి-టైప్‌తో గెలిచాడు. 1953 లె మాన్‌లో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ జంట 304 చుట్లు తిరిగి, గంటకు 170 కిలోమీటర్ల సగటుతో రేసు గెలిచింది. అక్కడ సగటు వేగం గంటకు 100 మైళ్లు దాటడం అదే మొదటిసారి. ఫెరారీ దగ్గర 4.5 లీటర్ల ఇంజను ఉండగా జాగ్వార్‌ది 3.4 లీటర్లే. పెద్ద ఇంజను కారు తిన్నని రోడ్డు మీద సంపాదించుకున్న సెకన్లను చిన్న ఇంజను కారు మలుపు ముందర ఆలస్యంగా బ్రేకు తొక్కి తిరిగి లాక్కునేది.

ఆ రోల్ట్ సామాన్యుడు కాడు. యుద్ధంలో జర్మన్లకు చిక్కి, కోల్డిట్జ్ కోటలో ఖైదీగా ఉండగా, పారిపోవడానికి కోట అటక మీద తోటి ఖైదీలతో కలిసి రహస్యంగా గ్లైడర్ తయారుచేసిన బృందంలో ఒకడు. ఆ తరం డ్రైవర్ల గురించి చదివేటప్పుడు ఈ నేపథ్యం గుర్తుంచుకోకపోతే వారి ప్రవర్తన మనకు అర్థం కాదు. పొట్టి చేతుల చొక్కా వేసుకుని రేసు నడిపేవారు, సీటు బెల్టు పెట్టుకునేవారు కాదు. బెల్టు లేకపోవడం నిర్లక్ష్యం కాదు, లెక్క ప్రకారం చేసిన పనే. కారు బోల్తాపడి పెట్రోలు అంటుకుంటే లోపల ఇరుక్కోవడం కన్నా బయటికి విసిరివేయబడటం మేలని వారు నమ్మేవారు. మైక్ హాథోర్న్ మెడకు బో టై కట్టుకుని రేసు నడిపేవాడు. అమెరికన్ కారల్ షెల్బీ కోళ్లఫారంలో వేసుకునే చారల ఓవరాల్స్‌తోనే ట్రాక్ మీదికి వచ్చేవాడు. అర్జెంటీనా నుంచి వచ్చిన హువాన్ మాన్యుయెల్ ఫాంజియో మెకానిక్కుగా పని నేర్చుకున్నవాడు. గ్రాండ్ ప్రీ రేసులలో అయిదుసార్లు ప్రపంచ చాంపియన్ అయినా, కారులో వచ్చే చిన్న శబ్దాన్ని కూడా మెకానిక్కు చెవితోనే వినేవాడని చెబుతారు.

రేసు ట్రాకులు కూడా యుద్ధం వదిలిపెట్టిన ఆస్తే. ఇంగ్లండులో సిల్వర్‌స్టోన్, గుడ్‌వుడ్, ఫ్లోరిడాలో సెబ్రింగ్ మూడూ ఒకప్పటి సైనిక విమానాశ్రయాలు. మనవైపు కూడా ఇదే జరిగింది. విజయవాడ నుంచి చెన్నై వెళ్లే జాతీయ రహదారి మీద, రెడ్‌హిల్స్‌కు ముందు వచ్చే షోలవరంలో యుద్ధకాలపు రన్‌వే మీద మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు రేసులు నడిపింది. ఆ క్లబ్ ఏర్పడింది 1953లో, అంటే స్పోర్ట్స్ కార్ల ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైన ఏడాదిలోనే. గన్నవరం రన్‌వేను కూడా యుద్ధకాలంలో సైన్యం వాడుకుంది కానీ మనకు విమానాలే మిగిలాయి, రేసులు రాలేదు.

అయితే ఆ దశాబ్దపు అసలైన పరీక్ష రన్‌వేల మీద కాదు, మిల్లె మిలియాలో జరిగింది. ఇటలీలోని బ్రెషియా నుంచి రోము వెళ్లి తిరిగి బ్రెషియా చేరే ఈ రేసు పొడవు సుమారు 1,600 కిలోమీటర్లు. విజయవాడ నుంచి చెన్నై వెళ్లి తిరిగి వచ్చి, ఇంటి దగ్గర ఆగకుండా విశాఖపట్నం వెళ్లి మళ్లీ తిరిగి వస్తే ఎంతో, దాదాపు అంత. ఊళ్ల మధ్య నుంచి, కొండ దారుల మీదుగా, కిక్కిరిసిన జనం మధ్యలో సాగే ఆ దూరాన్ని 1955 మే 1న స్టిర్లింగ్ మాస్ 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో పూర్తిచేశాడు. సగటు వేగం గంటకు 157 కిలోమీటర్ల పైమాటే. అప్పటికి అతనికి వయసు 25 ఏళ్లు. మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ కారు మీద ఎర్రగా కనిపించే 722 అన్న అంకె అతను బయలుదేరిన సమయం, ఉదయం 7 గంటల 22 నిమిషాలు.

మాస్ పక్కన కూర్చున్నవాడు డెనిస్ జెంకిన్సన్. గడ్డం పెంచుకున్న పొట్టి మనిషి, వృత్తి పత్రికా రచన, అంతకుముందు 1949లో సైడ్‌కార్ మోటారు సైకిలు రేసులలో ఎరిక్ ఆలివర్ పక్కన కూర్చుని ప్రపంచ చాంపియన్ అయిన అనుభవం. రేసుకు ముందు ఇద్దరూ ఆ దారంతా తిరిగి, ఏ మలుపు ఎంత వంపు, ఏ మిట్ట మీద కారును ఆపకుండా పోనివ్వవచ్చు, ఎక్కడ రైలు గేటు ఉంది అన్న వివరాలన్నీ రాసుకున్నారు. జెంకిన్సన్ వాటిని 18 అడుగుల పొడవైన కాగితపు చుట్ట మీదికి ఎక్కించి, అల్యూమినియం డబ్బాలో పెట్టి, పారదర్శకమైన మూత కింద చేతితో తిప్పుకుంటూ చదివాడు. ఇంజను మోతలో మాట వినపడదు కనుక ముందే ఒప్పుకున్న చేతి సైగలతో చెప్పాడు. ఎదురుగా ఏముందో కనిపించని మిట్టల మీద, పక్కవాడు చేయి ఊపిన ఒక్క ధైర్యంతో మాస్ కాలు తీయకుండా పోనిచ్చాడు. దారిలో ఒకచోట జెంకిన్సన్‌కు కడుపులో తిప్పి, పక్కకు వంగి వాంతి చేసుకుంటుండగా గాలికి కళ్లజోడు ఎగిరిపోయింది. రెండో కళ్లజోడు జేబులో ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఆ 18 అడుగుల కాగితం ఎందుకూ కొరగాకుండా పోయేది. చివరికి ఇద్దరూ మసి, నూనె పట్టిన నల్లటి ముఖాలతో బ్రెషియాలో దిగారు.

అదే రేసులో అదే రకం కారుతో ఫాంజియో అరగంటకు పైగా వెనుక రెండోస్థానంలో వచ్చాడు. అతని పక్కన ఎవరూ లేరు. పైగా ఇంజనులో ఒక సిలిండరు పనిచేయడం మానేసింది. ఈ సంగతి మా బాబాయికి చెప్పినప్పుడు ఆయన లైనింగు కొడుతున్న సుత్తి ఆపకుండానే, "కాగితం చదివేవాడు లేకుండా, ఏడు సిలిండర్ల మీద అంత దూరం తోలుకొచ్చాడంటే నాకు వాడే గొప్పరా" అని తేల్చేశారు. నేను ఆ తీర్పును ఒప్పుకోను. దారిని గుర్తుపెట్టుకోవడం ఒక విద్య అయితే, దాన్ని మరొకరి చేతికి అప్పగించి, ఆ చేతిని నమ్మి కళ్లకు కనిపించని చోటికి గంటకు 270 కిలోమీటర్లతో దూసుకుపోవడం అంతకంటే పెద్ద విద్య. ఈ వాదన మా ఇంట్లో ఇప్పటికీ తెగలేదు.

మిల్లె మిలియా ముగిసిన ఆరు వారాలకే లె మాన్ దుర్ఘటన జరిగింది. మెర్సిడెస్ కార్లకు ఇంకా డ్రమ్ము బ్రేకులే ఉన్నాయి. జాగ్వార్ డిస్కులతో పోటీపడలేమని తెలిసి, జర్మన్ ఇంజనీర్లు సీటు వెనుక పైకి లేచే పెద్ద రేకు అమర్చారు. డ్రైవరు మీట లాగితే అది గాలికి అడ్డంగా నిలబడి కారును నెమ్మదింపజేసేది. దీన్నీ ఎయిర్ బ్రేకు అనే అంటారు కానీ, మన లారీల ఎయిర్ బ్రేకుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. 1955 జూన్ 11 సాయంత్రం, రేసు మొదలైన రెండున్నర గంటలకు, జాగ్వార్ నడుపుతున్న హాథోర్న్ లాన్స్ మాక్లిన్ ఆస్టిన్-హీలీని దాటి, పిట్‌లోకి, అంటే పెట్రోలుకు, మరమ్మతులకు కార్లు ఆగే చోటికి వెళ్లడానికి గట్టిగా బ్రేకు తొక్కాడు. మాక్లిన్ దాన్ని తప్పించుకోవడానికి ఎడమకు జరిగాడు. వెనుక నుంచి గంటకు 240 కిలోమీటర్ల వేగంతో వస్తున్న పియెర్ లెవెగ్ మెర్సిడెస్ అతని కారు వెనుక భాగం మీదుగా గాలిలోకి లేచి, పక్కనున్న మట్టికట్టను ఢీకొంది. ఇంజను, ముందు ఇరుసు జనంలోకి దూసుకుపోయాయి. మెగ్నీషియం మిశ్రమంతో చేసిన బాడీ అంటుకుంది, నీళ్లు పోసినకొద్దీ ఆ మంట పెరిగింది. లెవెగ్‌తో పాటు 80 మందికి పైగా ప్రేక్షకులు మరణించారు.

లెవెగ్‌కు అప్పుడు 49 ఏళ్లు. 1952లో ఇదే రేసులో తోటి డ్రైవరుకు కారు ఇవ్వకుండా దాదాపు 23 గంటలు ఒంటరిగా నడిపి, గెలుపు చేతికందే సమయానికి ఇంజను పోయి, ఆ విజయాన్ని మెర్సిడెస్‌కే వదులుకున్నాడు. ఆ పట్టుదల గుర్తుండే మెర్సిడెస్ వారు 1955లో అతనికి సీటు ఇచ్చారంటారు. తాను ప్రమాదంలో పడబోతున్న క్షణంలో లెవెగ్ చేయి ఎత్తి సైగ చేశాడని, తాను బతికి బయటపడటానికి అదే కారణమని వెనుకనే వస్తున్న ఫాంజియో తరువాత చెప్పాడు. విచారణలో డ్రైవర్లెవరినీ తప్పుపట్టలేదు. నా అభిప్రాయంలో అది సరైన నిర్ణయం. పిట్‌కూ ట్రాకుకూ మధ్య గోడ గానీ, వేగం తగ్గించుకునే ప్రత్యేక దారి గానీ లేని ఇరుకు రోడ్డు మీద, ఒక్కొక్కటి ఒక్కొక్క దూరంలో ఆగగలిగిన కార్లను ఒకేచోట వదిలిపెట్టినప్పుడు తప్పు ఆ ఏర్పాటుదే. రేసు ఆపితే ఇళ్లకు మళ్లే జనంతో రోడ్లు నిండిపోయి అంబులెన్సులు కదలలేవని నిర్వాహకులు దాన్ని కొనసాగించారు. రేసులో ముందున్న మెర్సిడెస్ జట్టు అర్ధరాత్రి దాటాక కార్లను వెనక్కి పిలుచుకుంది. హాథోర్న్, ఐవర్ బ్యూబ్ గెలిచారు. స్విట్జర్లండు సర్క్యూట్ రేసులనే నిషేధించింది. మెర్సిడెస్ ఆ ఏడాది టైటిల్ గెలుచుకుని మరీ రేసుల నుంచి తప్పుకుని, మూడు దశాబ్దాల వరకు తిరిగి రాలేదు. టాటా వారితో కలిసి ఆ కంపెనీ జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేయడం మొదలుపెట్టింది దీనికి ఏడాది ముందే. మన బెంజి సర్కిల్‌కు ఆ పేరు అటువంటి లారీల షోరూము వల్లనే వచ్చిందని ఊళ్లో పెద్దలు చెబుతారు.

మిల్లె మిలియా మరో రెండేళ్లే బతికింది. 1957 మే 12న, ముగింపుకు కొద్ది దూరంలో, గ్విదిత్సోలో అనే ఊరి దగ్గర స్పెయిన్ కులీనుడు అల్ఫోన్సో డి పోర్తాగో నడుపుతున్న ఫెరారీ టైరు పగిలింది. అతను, పక్కన కూర్చున్న ఎడ్మండ్ నెల్సన్, రోడ్డు పక్కనున్న తొమ్మిది మంది మరణించారు, వారిలో అయిదుగురు పిల్లలు. ఆ రేసు గెలిచిన 50 ఏళ్ల పియెరో తరూఫీ భార్యకు ఇచ్చిన మాట ప్రకారం అంతటితో రేసులు మానుకున్నాడు. ఈ ప్రమాదం గురించి ఫెరారీ కంపెనీ అధిపతి ఎంజో ఫెరారీ మీద పెట్టిన కేసు 1961లో కొట్టివేశారు. వేగపు పోటీగా మిల్లె మిలియా ఇక జరగలేదు.

ఇక్కడ ఫెరారీ మొండితనం గురించి చెప్పక తప్పదు. గెలిపించేది ఇంజనే, మిగిలినదంతా దానికి తోడు మాత్రమే అన్నది ఎంజో ఫెరారీ ధోరణి. అందుకే జాగ్వార్ డిస్కులతో లె మాన్ గెలిచిన అయిదేళ్ల తరువాత కూడా ఆయన రేసు కార్లు డ్రమ్ములతోనే తిరిగాయి. 1958 లె మాన్‌లో ఫిల్ హిల్, ఒలివియె జాందబియె డ్రమ్ము బ్రేకుల ఫెరారీ టెస్టా రోసా కారుతో గెలిచారు కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ ఏడాది అక్కడ విపరీతమైన వాన. తడి రోడ్డు మీద వేగాలు తగ్గడం వల్ల డ్రమ్ములు చల్లగా ఉండి బతికిపోయాయన్నది నా అనుమానం. ఫెరారీ డ్రైవరు పీటర్ కాలిన్స్ తన సొంత ఫెరారీకి ఇంగ్లండులో డన్‌లప్ డిస్కులు బిగించుకున్నాడు. ఆ ఆగస్టులో నూర్‌బుర్గ్‌రింగ్‌లో, డ్రమ్ము బ్రేకుల గ్రాండ్ ప్రీ కారులో అతను చనిపోయాడు. జాగ్వార్ రోజుల నుంచి డిస్కుల విలువ తెలిసిన హాథోర్న్ పట్టుబట్టడంతో, కాలిన్స్ సొంత కారు నుంచి విప్పిన డిస్కులనే ఇటలీలోని మోంజా రేసుకు అతని కారుకు బిగించారు. ఆ సీజను చివర హాథోర్న్ గ్రాండ్ ప్రీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు, రేసులు మానుకున్నాడు, 1959 జనవరిలో గిల్డ్‌ఫర్డ్ దగ్గర మామూలు రోడ్డు మీద సొంత జాగ్వార్ నడుపుతూ ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి అతనికి 30 ఏళ్లు కూడా నిండలేదు.

1959లో ఫెరారీ టెస్టా రోసాలకు డిస్కులు వచ్చాయి. లె మాన్‌లో మాస్ తన ఆస్టన్ మార్టిన్‌ను మొదటి నుంచీ ఉరికించి ఫెరారీలను వెంట లాగాడు. అతని ఇంజను పోయింది, ఫెరారీల ఇంజన్లూ పోయాయి, ఓపికగా నడిపిన షెల్బీ, రాయ్ సాల్వదోరి గెలిచారు. సెప్టెంబరులో గుడ్‌వుడ్‌లో జరిగిన చాంపియన్‌షిప్ ఆఖరి రేసులో పెట్రోలు పోస్తుండగా మాస్, సాల్వదోరిల కారుతో పాటు వారి పిట్ కూడా అంటుకుంది. సొంతంగా ఆస్టన్ మార్టిన్ నడుపుతున్న గ్రాహం వైట్‌హెడ్ తన కారును రేసు నుంచి తప్పించి, తన పిట్‌ను జట్టుకు ఇచ్చేశాడు. మాస్ షెల్బీ, జాక్ ఫెయిర్‌మన్‌ల కారు ఎక్కి ఆ రేసు గెలిచాడు. ఫెరారీ డిస్కులకు మారిన ఆ ఏడాదే, అప్పటికే వాటితో ఆరితేరిన ఆస్టన్ మార్టిన్ టైటిల్‌ను పట్టుకుపోయింది.